ఒక్క రాట అమ్మబడదు

కంచె సామాను కొనడానికి వచ్చేవాడు నవ్వుతూ రాడు. మా బావ కొట్లో పనిచేసిన ఏళ్ళలో నేను నేర్చుకున్న మొదటి సంగతి ఇది. తలుపులు, గడియలు కొనేవాళ్ళు భార్యలను వెంటబెట్టుకుని వస్తారు, కూల్‌డ్రింకు తాగుతారు, రంగుల గురించి మాట్లాడుకుంటారు. ముళ్ళతీగ కొనేవాడు ఒక్కడే వస్తాడు. పక్కచేనువాడు గట్టు నరికేశాడనో, పందులు చెరకులో పడ్డాయనో, ఊరికి వెళ్ళి వచ్చేసరికి తన స్థలంలో ఎవరో పునాది గీతలు గీశారనో, ఏదో ఒక బెంగతో వస్తాడు. ఆ బెంగ ఎక్కడ పుడితే మాకు అక్కడ బేరం.

కొట్టు అనకాపల్లి బజారులో ఉండేది. మా అక్క భర్తది. మేకులు, తీగ, సరుగుడు రాటలు అమ్మేవాడు. కొట్లో రెండే కుర్చీలు. ఒకటి బావది, రెండోది కొనడానికి వచ్చినవాడిది. నేను ముళ్ళతీగ చుట్ట మీద గోనెసంచి మడిచి వేసుకుని కూర్చునేవాణ్ణి. అన్నేళ్ళలో మూడో కుర్చీ కొనాలని బావకు తోచలేదు. చుట్ట అమ్ముడైపోతే లేచి ఇంకో చుట్ట మీదికి మారేవాణ్ణి.

ఒకరోజు నీలం చొక్కా వేసుకున్న ఒకాయన సరుగుడు రాటలకు వచ్చాడు. చొక్కా జేబు మీద కిళ్ళీ మరక ఉంది. చెద పట్టి రాటలు రెండు వానలకే ఒరిగిపోతున్నాయని గొణిగాడు. ఇకమీదట అందరూ సిమెంటు రాటలే అడుగుతారండి, మనమూ తెప్పిస్తే బాగుంటుంది అని నేను బావ వైపు చూసి అన్నాను. మంచి మాటే అన్నాను. బావ తలెత్తకుండానే, "బేరం ఎటెల్తందో నీకేటి తెలుసురా? నువ్వు తీగ తూచు" అన్నాడు. నీలం చొక్కా ఆయన నవ్వాడు. బావ అన్నదానికంటే ఆయన నవ్వడం నన్ను ఎక్కువగా కోసింది.

బేరం ఎటు వెళ్తుందో నాకు తెలుసు. ఆ చుట్ట మీద కూర్చుని నేను చూసిందంతా అదే. మా చిన్నప్పుడు దొడ్లకు తాటికమ్మల దడి ఉండేది, పొలాలకు ముళ్ళకంప. ఆ తర్వాత సరుగుడు రాటలు, వాటికి రెండు వరసల తీగ. ఇక రెండువేల సంవత్సరం దాటాక అచ్యుతాపురం, రాంబిల్లి వైపు ఫ్యాక్టరీలు వస్తాయన్న మాట పుట్టింది. వస్తాయో రావో ఎవరికీ తెలియదు గాని, స్థలాలు మాత్రం చేతులు మారిపోయాయి. కొన్నవాళ్ళు అక్కడ ఉండేవాళ్ళు కాదు. విశాఖపట్నంలో ఉద్యోగాలు చేసుకునేవాళ్ళు, ఎక్కడో బళ్ళో పాఠాలు చెప్పుకునేవాళ్ళు. నేల మీద తాను కాపురముండేవాడికి పశువుల భయం, దానికి దడి చాలు. నేలకు దూరంగా ఉండేవాడికి మనుషుల భయం. దానికి చెద పట్టనిది కావాలి, పీకితే రానిది కావాలి. సిమెంటు రాటే కావాలి.

ఇంత తేటగా కనిపిస్తున్నప్పుడు నేనెందుకు తీగ తూచుకుంటూ కూర్చోవాలి? మానేశాను. సిమెంటు రాటలు పోసుకోవడానికి మాడుగుల వెళ్ళే రోడ్డు పక్కన ఒక చెరకు రైతు తన బెల్లం పాకకు ఆనుకుని ఉన్న జాగా ఇచ్చాడు. గానుగ ఆడే రోజుల్లో ఆయన చెరకు పిప్పి ఆరబెట్టుకునే నేల అది. మిగతా కాలమంతా ఖాళీ. ఒక్కటే షరతు పెట్టాడు. బెల్లం పొయ్యి వెలిగించే నాటికి నేల మీద ఒక్క రాట కూడా ఉండకూడదు. ఉంటే నా అచ్చులు, నా సామాను అన్నీ తీసుకుని వెళ్ళిపోవాలి, మళ్ళీ రాకూడదు. సరేనన్నాను. రోడ్డు పక్కన అలాంటి జాగా నాకు ఇంకెవరూ ఇవ్వరు.

వెళ్ళొస్తానని చెప్పినప్పుడు బావ కోప్పడలేదు. కోప్పడినా బాగుండేది. కొట్లో ఇద్దరు బేరగాళ్ళు ఉండగా, "ఎల్లు. నీ చుట్ట ఎవలికీ అమ్మన్లే. అలాగే ఉంచుతాను" అన్నాడు.

అప్పటినుంచి నాకు ఎప్పుడు బేరం తగ్గినా ఆ చుట్టే కళ్ళముందు కనిపించేది. గోనెసంచి మడతతో సహా.

మొదట్లో బాగానే సాగింది. ఒక మేస్త్రీని, ముగ్గురు మనుషుల్ని పెట్టుకున్నాను. అచ్చుల్లో ఇనుప చువ్వలు పేర్చి, కంకర కలిపిన సిమెంటు పోసి, గట్టిపడ్డాక తీసి, గోనెలు కప్పి రోజూ నీళ్ళు పట్టేవాళ్ళం. నీళ్ళు పట్టడంలో నేను ఎవరినీ నమ్మలేదు, నేనే పట్టేవాణ్ణి. ఒకసారి బావ స్కూటరు మీద అటు వెళ్తూ ఆగాడు. దిగలేదు. ఇంజను కూడా ఆపలేదు. పేర్చి ఉన్న వరసల్ని చూసి, "ఎక్కువ పొయ్యకు. బేరాల్లేని రోజులొత్తన్నాయి" అని వెళ్ళిపోయాడు. నా వరసలు చూసి ఓర్వలేక అన్నాడనుకున్నాను. మర్నాటినుంచి ఇంకా ఎక్కువ పోయించాను.

ఆ తర్వాతే జనం రావడం మొదలైంది. ఒకరి వెనక ఒకరు వచ్చారు. అయితే వచ్చిన ప్రతివాడూ ఒక్క రాట అడిగాడు.

మొదట వచ్చింది ఒక బడిపంతులు. లగేజీ ఆటో మాట్లాడుకుని వచ్చాడు. పైవరస దింపించి, కిందివరస చూసి, వేలితో కొట్టి, అంచులు తడిమి, ఎక్కడా పెచ్చు ఊడనిది ఒక్కటి ఏరుకున్నాడు. మిగతావి ఎప్పుడండీ అంటే చూద్దామన్నాడు. ఇచ్చాను. తర్వాత ఒక రైతు ఎడ్లబండి తోలుకొచ్చి ఒక్క రాట వేసుకెళ్ళాడు. బండికే నవ్వొచ్చేలా ఉంది. ఆ తర్వాత మరొకరు, ఆ తర్వాత ఇంకొకరు. అందరూ అంచులు తడిమేవాళ్ళే, అందరూ మంచిది కావాలనేవాళ్ళే. ఒక్కటి ఏరడానికి వరసంతా కదిపేవారు, కదిపినప్పుడు పక్కవాటి మూలలు విరిగేవి. ఒక్కటే ఎందుకని అడిగితే ఎవరూ సరిగ్గా చెప్పలేదు. కొందరు నా మొహం వంక వింతగా చూశారు.

నాకు కంగారు పట్టుకుంది. దానికి కారణం ఉంది. నా రాటలు సుద్దముక్కలని, కాలితో తన్ని చూసి కొనుక్కోమని బావ కొట్లో చెబుతున్నాడని అంతకు కొద్దిరోజుల ముందే నా చెవిన పడింది. అన్నాడో లేదో నాకు ఈనాటికీ రుజువు లేదు, అనడన్న నమ్మకమూ లేదు. ఆ మాట విన్నాక ఈ ఒక్క రాటల బేరం చూస్తే నాకు ఏమనిపిస్తుంది? వీళ్ళంతా నమూనాకు పట్టుకెళ్తున్నారు, బావ కొట్టు ముందు పడేసి తన్ని విరగ్గొడుతున్నారు అనిపించింది. అన్నం సహించేది కాదు.

రేకు మీద ఎర్రరంగుతో నేనే రాసి రోడ్డుకు కనబడేలా కట్టాను. ఒక్క రాట అమ్మబడదు. పాతికకు తక్కువ అడగవద్దు.

అయినా వచ్చారు. వెళ్తూ వెళ్తూ అందరూ ఏదో ఒకటి అనే వెళ్ళారు. ఆ బడిపంతులు తన తోడల్లుణ్ణి తీసుకుని మళ్ళీ వచ్చి, బోర్డు చదివి, వ్యాపారం చేసే తీరు ఇది కాదని నాకు పాఠం చెప్పాడు. పాయకరావుపేట నుంచి కారులో వచ్చిన ఒకాయన బోర్డు ముందు నిలబడి సెల్‌ఫోనుతో ఫోటో తీసుకున్నాడు. పక్కనున్నవాడికి చూపించి ఇద్దరూ నవ్వుకున్నారు. రాంబిల్లి దగ్గర పల్లెనుంచి ఒక ముసలావిడ వచ్చింది. అంత దూరం వచ్చి, బోర్డు ఎవరిచేతో చదివించుకుని, నా ఎదురుగా వచ్చి నిలబడింది.

"ఒక్క రాట ఇయ్యనోడివి రాటల కొట్టెందుకెట్టేవు నాయినా? ఇంట్లో దాసుకో."

మా మేస్త్రీ మొహం పక్కకు తిప్పుకున్నాడు. నవ్వాపుకోవడానికని నాకు తెలుసు.

తర్వాత ఒక్కసారిగా అంతా ఆగిపోయింది. కుళాయి కట్టేసినట్టు ఆగిపోయింది. ఒక్క రాట అడిగేవాడు కూడా లేడు. పోత ఆపమంటారా అని మేస్త్రీ అడిగాడు. ఆపితే సాయంత్రానికల్లా బజారుకు తెలుస్తుంది, బావకు తెలుస్తుంది. ఆపవద్దన్నాను. వరసలు నడుము ఎత్తు దాటి భుజం ఎత్తుకు వచ్చాయి. రోడ్డు మీద లారీ గేరు మార్చిన చప్పుడైతే చాలు, లేచి నిలబడేవాణ్ణి. అది ఆగేది కాదు.

ఈలోగా చెరకు రైతు పాక దగ్గరికి రావడం మొదలుపెట్టాడు. పొయ్యి గోడకు మట్టి మెత్తించాడు. పెనం తోమించాడు. నా వరసల చుట్టూ ఒకసారి నడిచి, నేల వంక చూసి వెళ్ళిపోయేవాడు. ఆయన పొయ్యికి మట్టి మెత్తిన ప్రతిరోజూ నేను ఆ తీగచుట్టకు ఒక అడుగు దగ్గరైనట్టుండేది. అన్ని రాటల్ని ఎక్కడికి చేరవేస్తాను? ఒక్కోటి ఇద్దరు ఎత్తితేగాని లేవదు. ఎత్తినా పెట్టడానికి చోటు లేదు.

ఆదివారం చర్చిలో బావ ముందు వరసలో కూర్చునేవాడు. సంఘ పెద్ద కదా. ప్రార్థన అయ్యాక అందరూ నన్ను బేరాలెలా ఉన్నాయని అడిగేవారు. బ్రహ్మాండంగా ఉన్నాయనేవాణ్ణి. బావ ఆ మాట విని చెప్పులు తొడుక్కుంటూ చిన్నగా దగ్గేవాడు. ఆ దగ్గుకు అర్థం నాకు తెలుసు.

ఒకరోజు బస్సులో బజారు మీదుగా వెళ్తూ కిటికీలోంచి చూశాను. బావ కొట్టు ముందు లారీ ఆగి ఉంది. తుని అవతలనుంచి వచ్చిన సిమెంటు రాటలు. సిమెంటు రాటలు తెప్పించమంటే తీగ తూచుకోమన్న మనిషి కొట్టు ముందు! దించుతుండగానే ఆటోలు వరసకట్టి ఉన్నాయి. నా దగ్గర ఈగలు తోలుకుంటుంటే అక్కడ ఎత్తుకెళ్తున్నారు. దిగాల్సిన చోట దిగడం మరచిపోయి రెండు స్టాపులు అవతల దిగాను.

ఆ మర్నాడు అక్క యార్డుకు వచ్చింది. ఆటో దిగగానే నా మొహం కాదు, బోర్డు చూసింది.

"ఇంకా తియ్యలేదేటిరా ఇది?"

ఎందుకు తియ్యాలన్నాను.

"మూఢమొచ్చేసింది కదరా. ఒక్కో రాట ఎందుకట్టుకెల్లేరనుకున్నావు జనాలు?"

అప్పుడు చెప్పింది. మూఢం రోజుల్లో ఎవరూ కొత్త పని మొదలుపెట్టరు. కాని ముందే మొదలైన పనికి అడ్డులేదు. అందుకని మూఢం ఇంకా రాకముందే ఒక మంచిరోజు చూసుకుని స్థలానికి ఈశాన్యం మూల ఒక్క రాట పాతి, పసుపు కుంకుమ పెడితే కంచె పని మొదలైనట్టే లెక్క. ఇక మిగతా రాటలు మూఢంలో నిశ్చింతగా పాతుకోవచ్చు. ఆ మొదటి రాట ఎక్కడ దొరికితే మిగతావీ అక్కడే కొంటారు. నా దగ్గర ఒక్కటి దొరకనివాళ్ళంతా బావ దగ్గరికి వెళ్ళారు, ఆయన ముందే కొన్ని సిమెంటు రాటలు తెప్పించి ఉంచాడట. నేను ఇచ్చిన కొద్దిమంది కూడా బోర్డు చూసి మనసు విరిగి అటే వెళ్ళారు.

మా తాతలనాటినుంచి మేం క్రైస్తవులం. మనింట్లో మూఢం ఎవరు చూశారు, నాకెలా తెలుస్తుంది అన్నాను.

"మనం సూడం. కొనేవోలు సూత్తారు."

"బావకు తెలుసా?"

"తెలకపోడమేటి? ఎక్కువ పొయ్యొద్దని నీకు సెప్పేడు కదా."

అది చెప్పడం కాదు. మూఢం అన్న మాట ఆయన నోట రాలేదు. స్కూటరు దిగలేదు, ఇంజను ఆపలేదు. చెప్పదలచుకున్నవాడు దిగి చెబుతాడు. అక్కతో అప్పుడూ ఇదే అన్నాను, ఇప్పుడు అడిగినా ఇదే అంటాను.

వెళ్ళే ముందు ఆమె చీర కొంగు సర్దుకుంటూ, కొట్లో పని ఎక్కువైంది, బావ మనిషి కోసం చూస్తున్నాడు అంది. రమ్మన్నాడని అనలేదు. అననక్కరలేదు.

ఆ సాయంత్రం వరసల మధ్య కూర్చుని ఆలోచించాను. నా దగ్గరనుంచి వట్టి చేతులతో వెళ్ళినవాళ్ళు ఎంతమందో ఉన్నారు. వాళ్ళు ఎవరు, ఎక్కడివాళ్ళు అన్నది ఇంకెవరైనా అయితే మరచిపోయేవారు. అన్నీ కడుపులో పెట్టుకుంటానని ఇంట్లో నన్ను ఎప్పుడూ దెప్పుతారు. పెట్టుకున్నాను కాబట్టే నాకు ప్రతివాడి మొహం గుర్తుంది, ఏ ఊరివాడో గుర్తుంది, ఏ మాట అని వెళ్ళాడో అక్షరం పొల్లు పోకుండా గుర్తుంది. మర్నాడు బోర్డు తీసి పాక గోడకు వెనక్కి తిప్పి పెట్టి, మోపెడ్ వేసుకుని బయలుదేరాను.

బడిపంతులు నన్ను గేటు బయటే నిలబెట్టి మాట్లాడాడు. ఆయన కంచె అప్పటికే అయిపోయింది. అయిపోయిన సంగతి మొదటే చెప్పకుండా, వ్యాపారంలో ఓర్పు గురించి మొత్తం చెప్పాక చెప్పాడు. ఎండలో నిలబడి విన్నాను. పాయకరావుపేట ఆయన మాత్రం ఇంకా కాచుకుని ఉన్నాడు. లారీ నిండితేగాని తుని అవతలనుంచి సరుకు కదలదట, ఆ రోజు నేను చూసిన లారీలో ఆయన వంతు రాలేదట. ఈలోగా పక్కస్థలంవాడు తన హద్దు లోపలికి జరుగుతున్నాడని నిద్రపోవడం లేదు. నన్ను చూడగానే సెల్‌ఫోను తీసి ఆ ఫోటో మళ్ళీ నాకే చూపించాడు. చూశాను. రాటలు రేపే పంపుతానన్నాను. సరేనన్నాడు.

రాంబిల్లి ముసలావిడను చివరికి ఉంచుకున్నాను. వెళ్ళడానికి నాకు మనసొప్పలేదు. కాని ఆమెకే ఎక్కువ రాటలు పడతాయి. సముద్రం వైపు జీడితోట. చుట్టుపక్కలవాళ్ళంతా అమ్మేసుకున్నారు. కొన్నవాళ్ళ సర్వే రాళ్ళు ఒక్కోటి ఆమె తోటవైపు జరుగుతున్నాయి. తోట మూల ఒక్క రాట నిలబడి ఉంది. పసుపు కుంకుమ వానకు చారలు కట్టాయి, ఒక మేక దానికి వీపు రుద్దుకుంటోంది. బావ కొట్టు రాట. చూడగానే గుర్తుపట్టాను. అంచులు నున్నగా లేవు.

ఆమె నన్ను గుర్తుపట్టింది. "ఆ రోజు ఒక్కటి ఇయ్యనన్నావు. ఈ రోజు ఇంటికొచ్చి ఎన్ని కావాలంతన్నావు. నీకేటొచ్చింది నాయినా?"

సరుకు కదలాలన్నాను. ఆమె ఇంకేదో మాట నా నోటినుంచి వస్తుందని చూస్తోందని తెలుసు. నేను అనలేదు. మూఢం సంగతి నాకెవరూ చెప్పలేదు కాబట్టి అనాల్సిన పని లేదు. కాసేపు ఇద్దరం మేకను చూశాం.

"అలగైతే ముందు ఒక్కటట్టుకురా. అది సూసేక మిగతాయి."

ఒక్క రాట. మాడుగుల రోడ్డునుంచి రాంబిల్లికి. మా మేస్త్రీ విని ఈసారి మొహం తిప్పుకోలేదు, ఎదురుగానే నవ్వాడు. వరసలన్నీ నేనే కదిపాను. అంచులు నేనే తడిమాను. పెచ్చు ఊడనిది, చిన్న గీత కూడా లేనిది ఒక్కటి ఏరి, కింద గడ్డి వేయించి లగేజీ ఆటోలో పెట్టి, గుంతల్లో విరుగుతుందేమోనని దారంతా దాని మీద చెయ్యి వేసుకుని వెనక కూర్చున్నాను. అది విరిగితే ఇంకోటి ఏరే ధైర్యం నాకు లేదు.

ఆవిడ రాటను కింద పడుకోబెట్టించింది. దాని చుట్టూ తిరిగింది. మడమతో గట్టిగా తన్నింది. తన్ని చూసి కొనుక్కోమని బావ కొట్లో ఆమెకూ చెప్పే ఉంటారు. రాట కదలలేదు, పెచ్చు ఊడలేదు. ఆవిడ కాలు నొప్పి పుట్టిందేమో, కొంచెం కుంటుతూ అరుగు మీద కూర్చుని, "మిగతాయి పంపు" అంది.

ఆమె తోట చుట్టూ కంచె లేవడం చూసి ఆ వైపునుంచి ఇంకొందరు వచ్చారు. పొయ్యి వెలిగించే రోజు పొద్దున్న నా నేల మీద మూలలు విరిగినవి, పగిలినవి తప్ప ఏమీ లేవు. అవీ మధ్యాహ్నంలోపు రైతు కాలువ గట్టుకు వేయించేశాను. ఆయన నేలంతా ఒకసారి నడిచి చూసి, పిప్పి తెచ్చి పరవమని మనుషులకు చెప్పాడు. నాతో, గానుగ అయిపోయాక మళ్ళీ రా అన్నాడు. బావ కొట్లోకి నేను మళ్ళీ పనికి వెళ్ళలేదు.

అప్పటినుంచి నేను బేరం ఎటు వెళ్తుందో రెండు చోట్ల చూసేవాణ్ణి. ఒకటి, భూముల మాట ఏ ఊళ్ళో నడుస్తోందో. రెండు, మూఢం ఎప్పుడో. మూఢానికి ముందు ఒక్క రాట కోసం వచ్చేవాణ్ణి కూర్చోబెట్టి టీ తెప్పించేవాణ్ణి. అయినా మూఢం దగ్గరపడుతుంటే నేను ఇప్పటికీ వరసలు రోజుకు రెండుసార్లు లెక్కపెట్టుకుంటాను. వచ్చినవాళ్ళు మళ్ళీ వస్తారో రారో చెప్పేవాడు ఎవడూ లేడు.

తర్వాతి ఏడాది మూఢం రాబోతుండగా బావ వచ్చాడు. ఈసారి స్కూటరు దిగాడు. అనకాపల్లి శివార్లలో స్థలం కొన్నాడని అప్పటికే అక్క చెప్పింది. వరసల మధ్య అటూ ఇటూ తిరిగి, అంచులు తడిమి, ఒక్క రాట కావాలన్నాడు.

"ఈశాన్యానికా బావా?" అన్నాను.

రోడ్డు వైపు చూశాడు. "గోతులు తీసేవోలు అలా అడుగుతన్నారు. మనదేటుంది."

మంచిది ఏరి పక్కన పెట్టించాను. అప్పటికి తీగ కూడా అమ్ముతున్నాను. నా కుర్చీలో నేను కూర్చుని, ముళ్ళతీగ చుట్ట మీద గోనెసంచి మడిచి వేసి, ఆటో వచ్చేదాకా కూర్చో బావా అన్నాను. ఆయన చుట్ట వంక చూశాడు, నా వంక చూశాడు. కూర్చున్నాడు. అటూ ఇటూ సర్దుకున్నాడు.

"మెత్తగానే ఉందిరా" అన్నాడు.

అదీ నాకు గుర్తుంది.